టోర్నడోని కొట్టిన కర్ర

మోహన్ మా ఇంటికొచ్చి నోరు విప్పాడంటే రెండోసారి టీ పెట్టాల్సిందే. ఆ శనివారం సాయంత్రం మూడోసారి కూడా పెట్టాం.

చికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటి వెనక డెక్ మీద కూర్చున్నాం. నా పేరు రాజ్. పోయినేడే వాలీబాల్ మెయిన్ టీమ్ నుంచి సీనియర్స్‌లోకి దిగిపోయాను, కాబట్టి నాకే బాధా లేదు. మా ఆవిడ శశికళ హాస్పిటల్లో నర్సు, డ్యూటీ నుంచి వచ్చి మిరపకాయ బజ్జీలు వేసి మాతోపాటు కూర్చుంది. నీరజ్ మా తెలుగు అసోసియేషన్ టీమ్ కెప్టెన్, కరీంనగర్ పిల్లాడు. సాత్విక్ చికాగోలో ఎమ్మెస్ చదువుతూ, శనివారాలు ట్రైనెక్కి వచ్చి మాతో ఆడే కుర్రాడు. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, మాట మాత్రం తక్కువ. ఆఖరివాడు మోహన్. యాభై దాటాక తన వయసు లెక్కపెట్టడం మానేశాడు.

సంగతేమిటంటే, వచ్చేవారం టోర్నమెంట్. మెయిన్ టీమ్‌లో షూటర్ ఎవరో తేల్చాలి, అంటే నెట్ దగ్గర ఎగిరి బంతిని అవతలి కోర్టులోకి దిగ్గొట్టేవాడు. పేర్లు ఆ సాయంత్రమే పంపించాలి. టీమ్ పుట్టినప్పటి నుంచీ ఆ చోటు మోహన్‌ది. ఈసారి అది సాత్విక్‌కి ఇవ్వాలని అందరికీ తెలుసు. మోహన్‌కి కూడా లోపల తెలుసుననే నా అనుమానం. కానీ ఆ మాట ఎవరు చెప్పాలి? టీమ్ పెట్టిందే ఆయన. నీరజ్ ఈ దేశంలో దిగిన కొత్తలో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తీసుకొచ్చి, రూమ్ దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది కూడా ఆయనే. అలాంటి మనిషి మొహం మీద ‘నువ్వు సీనియర్స్‌లో ఆడు’ అని ఎలా అంటాడు? అందుకని నీరజ్ బజ్జీలు తింటున్నాడు.

“అన్నా, గా టీమ్ ముచ్చట...” అన్నాడు చివరికి, బజ్జీలయిపోవచ్చాక.

“టీమ్‌కేం, బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు మోహన్. “నా ఫిట్‌నెస్ మీద ఎవరికైనా డౌటుందా? ఉంటే చెప్పండి. సీనియర్స్ అంటే ఆడేవాళ్ళు కాదబ్బాయ్, ప్రైజులిచ్చేవాళ్ళు. ఏవోయ్ రాజ్, నిన్ను కాదులే.”

నన్నే అన్నాడు. ఇంకో గుక్క టీ తాగాను.

“పోయిన నెల పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళ ఆటల బిల్డింగ్‌లో ఏం జరిగిందో మీకు చెప్పలేదు కదూ? చిన్న సంగతే, అసలు చెప్పుకునేంతది కాదు. బ్యాడ్మింటన్ కోర్టు బుక్ చేద్దామని వెళ్ళానా, ఫ్రంట్ డెస్క్‌లో ఎవరూ లేరు, పక్క హాల్లోంచి టకటకా టకటకా ఒకటే చప్పుడు, ఇదేమిటి, మనవాళ్ళెవరో నాకు చెప్పకుండా కోలాటం ప్రాక్టీస్ పెట్టేశారా అని తలుపు తోసి చూద్దును గదా, అంతా ఫిలిప్పీన్స్ వాళ్ళు! పిల్లలు, పెద్దలు, ఒక హాలు నిండా ఉన్నారు. అందరి చేతుల్లోనూ పేము కర్రలు. నేను చేసిందల్లా ఒక్కటే. గోడకి ఆనించి ఉన్న కర్ర ఒకటి తీసుకుని సరిగ్గా పట్టుకున్నాను. అంతే.”

“సరిగ్గా అంటే ఎలా అంకుల్?” అన్నాడు సాత్విక్.

మోహన్‌కి ‘ఎలా’ నచ్చింది, ‘అంకుల్’ నచ్చలేదు. “అన్నా అనొచ్చు, తప్పులేదు,” అని, శశికళ పక్కనున్న జల్లిగరిటె అందుకున్నాడు. “ఇదిగో, ఇలా. కర్రని చిట్టచివర పట్టుకోకూడదు. అడుగున ఒక పిడికిలంత వదిలి పట్టుకోవాలి. కర్ర పొడవెంత? చంక దగ్గర్నుంచి మణికట్టు దాకా. దీన్ని ఎస్క్రిమా అంటారు, ఆర్నిస్ అని కూడా అంటారు. మిగతా విద్యల్లో ముందు ఉత్తచేతులు నేర్పి, బాగా అరిగిపోయాక ఆయుధం ఇస్తారా, వీళ్ళు అలా కాదు, మొదటిరోజే కర్ర చేతిలో పెట్టేస్తారు. కర్ర వచ్చినవాడికి చెయ్యి అదే వస్తుందని వాళ్ళ లెక్క. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది గదా అని నిద్రపోనివ్వకూడదు. అది ఎదుటివాడి చేతిని తొయ్యాలి, పట్టుకోవాలి, ఎప్పుడూ మెలకువగా ఉండాలి.”

గరిటెలోంచి నూనె చుక్కొకటి వెళ్ళి నీరజ్ టీషర్ట్ మీద పడింది. నీరజ్ దాన్ని బొటనవేలితో తుడుచుకున్నాడు.

“ఇక దెబ్బలు. వాటికి నంబర్లుంటాయి. ఒకటి ఇటు కణతకి, రెండు అటు కణతకి, మూడూ నాలుగూ మోచేతులకి, ఐదు పొట్టలోకి పొడుపు, అలా పన్నెండు దాకా. కానీ అసలు కిటుకు వేరే ఉంది. ఎదుటివాడి తలమీదకి పోకూడదు. కర్ర పట్టుకున్న చేతిని కొట్టాలి. పాము కోరలు పీకడం అంటారు దాన్ని. కోరలు పోయిన పాము ఏం చేస్తుంది? ఇంటికెళ్ళి పడుకుంటుంది.”

ఇక్కడిదాకా బాగానే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు కూడా వెళ్ళి నేర్చుకోవాలనిపించింది. మోహన్ అక్కడ ఆగి ఉంటే సగం మర్యాద దక్కేది. కానీ ఆగితే ఆయన మోహన్ ఎందుకవుతాడు?

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళ మాస్టర్ డాంటే అని, ముప్పై ఐదేళ్ళుంటాయేమో, కండలు తిరిగిన మనిషి, నేను కర్ర పట్టుకున్న తీరు చూసి నోరెళ్ళబెట్టాడు. సార్, యూ వాంట్ టు ట్రై అన్నాడు. సరే పాపం, కాదంటే బాగుండదని ఒప్పుకున్నాను. పన్నెండు దెబ్బలూ వరసగా వేశాడు. పన్నెండూ ఆపాను.”

“మొదటిసారే ఆపినవా అన్నా?” అన్నాడు నీరజ్.

“ఎడంచేత్తో ఆపాను. కుడిచేతిలో ఫోనుంది, లైన్లో మీ వదిన దొండకాయలు ముదిరినవి తేవద్దని చెప్తోంది. ఫోన్ పెట్టేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. పదమూడో దెబ్బ ఏదైనా ఉంటే వెయ్యి నాయనా అన్నాను. లేదు సార్, మాకు పన్నెండే నేర్పారు అన్నాడు. అప్పుడు నేను వాడికి పదమూడోది నేర్పాను.”

“పదమూడోది ఎక్కడికి?” అన్నాను నేను.

“అది బయట చెప్పకూడదు. గురువుకీ శిష్యుడికీ మధ్య ఉండాలి.”

శశికళ నవ్వు ఆపుకోలేక బజ్జీల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. గిన్నె నింపుకుని మళ్ళీ వచ్చేటప్పటికి మోహన్ చరిత్రలోకి దిగిపోయాడు.

“అసలు వీళ్ళకి ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా ఆలోచించారా? డాంటే ఏమన్నాడంటే, వాళ్ళ తాతలనాటి నుంచీ ఉందట, స్పెయిన్ వాళ్ళు వచ్చి రాజ్యం చేస్తూ కత్తీ కర్రా ముట్టుకోకూడదన్నారట, అప్పుడు వీళ్ళు దాన్ని డాన్సుల్లోను, నాటకాల్లోను దాచిపెట్టి బతికించుకున్నారట. సరే, అది వాళ్ళ మాట. కానీ రెండు కర్రల ఆట ఒకటుంది, సినవాలి అంటారు, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చాప అల్లినట్టు పైనా కిందా కొడుతుంటారు. చూడగానే పట్టేశాను. బాబూ, ఇది కోలాటం అన్నాను. మా మచిలీపట్నంలో ఓడెక్కి మీ దగ్గర దిగింది అన్నాను.”

“అది హిస్టరీ బుక్స్‌లో ఉందా అంకుల్... అన్నా?” అన్నాడు సాత్విక్.

“పుస్తకాలు రాసినవాడు కోలాటం ఆడాడా? ఆడలేదు. మరి వాడికెలా తెలుస్తుంది? డాంటే మాత్రం ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పుకున్నాడు? రెండు కర్రలు తీసుకుని నేను మన పద్ధతిలో నాలుగు చుట్లు తిప్పి చూపించాను. ఆ రోజు హాల్లో ఏసీ పని చెయ్యట్లేదు, అందరికీ చెమటలు కారిపోతున్నాయి. నేను తిప్పడం మొదలుపెట్టాక ముందు చెమటారింది, ఆ తర్వాత చల్లగాలి, ఆ తర్వాత వెనక వరసలో పిల్లలు జాకెట్లు తొడుక్కున్నారు. ఒకావిడ పాపం తుమ్మింది కూడా. ఈలోపు ఒక దోమ వచ్చింది. చంపడం నాకిష్టం లేదు. ఒకే ఒక్క దెబ్బ, రెండో నంబరు. మీసం ఒక్కటే తెగింది.”

“దోమకి మీసముంటదా అన్నా?”

“ఇప్పుడు లేదు.”

నీరజ్ తల దించుకుని భుజాలు కదిలించి నవ్వాడు. సాత్విక్ మాత్రం నవ్వట్లేదు. వాడి కళ్ళు నీరజ్ చేతిలోని ఫోన్ మీదే ఉన్నాయి. పాపం వాడికి ఆ ఒక్క చోటే కావాలి. అమెరికా వచ్చి ఏడాదైనా, ఎవరో ఒకరు తనని పేరు పెట్టి ఆటలోకి పిలవడం ఇదే మొదటిసారి అని ఒకసారి శశికళతో చెప్పుకున్నాడు. మోహన్‌కి కావాలి, వాడికీ కావాలి. ఇద్దర్నీ చూస్తుంటే నాకు టీ సహించలేదు.

“ఆటవల్ల లాభాలు ఒకటా రెండా?” మోహన్ సాగిపోతున్నాడు. “ఆ ఒక్క సాయంత్రంతో నా షుగర్ దిగిపోయింది. ఎంత దిగిందంటే డాక్టరే ఫోన్ చేసి, మోహన్ గారూ, రోజుకో లడ్డూ తినకపోతే నేను ఊరుకోను అన్నాడు. బీపీ మిషన్ కట్టుకుంటే నంబర్ బదులు చప్పట్లు కొడుతోంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను, ఇక్కణ్ణుంచి చూస్తే చికాగోలో సాత్విక్ వాళ్ళ రూమ్‌లో గిన్నెలు కడిగారో లేదో తెలుస్తోంది. కడగలేదు.”

“అది మాత్రం నిజమే,” అన్నాడు సాత్విక్. అప్పుడు నవ్వాడు.

“చూశావా! మరి అసలు కథ వినలేదు మీరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్లాసు అయిపోయింది, అందరం పార్కింగ్ లాట్‌లోకి రాబోతున్నాం, కుండపోత వాన. పిల్లలు గుమ్మంలో ఆగిపోయారు. గొడుగు ఎవరి దగ్గరా లేదు. నేను రెండు కర్రలూ తలపైన తిప్పుకుంటూ, రండర్రా నా వెనకాల అన్నాను. ఒక్కొక్కళ్ళని కారు దాకా దింపి వచ్చాను. ఒక్కరి మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది. టోర్నడో!”

“అన్నా, సైరన్ టెస్ట్ చేస్తరు గద నెలకోసారి.”

“అది పొద్దున పూటబ్బాయ్, ఇది సాయంత్రం. పడమటి వైపు చూద్దును గదా, నల్లగా, తొండంలాగా, ఆకాశం నుంచి నేల దాకా దిగి మన నేపర్‌విల్ మీదికే వస్తోంది. దారిలో నీ ఇల్లు, నా ఇల్లు, ఇదిగో ఈ డెక్కు. అందరూ బేస్‌మెంట్లలోకి పరుగెత్తారు. నేను నిలబడ్డాను. భయం వెయ్యలేదా అంటే, నిజం చెప్తాను, కొంచెం వేసింది. కానీ ఆలోచించాను. టోర్నడోకి తల ఎక్కడో ఉంది, అందదు. తలమీదకి పోకూడదని ముందే చెప్పానా? కోరలు పీకాలి. దాని కోర ఎక్కడుంది? నేలని తాకే ఆ కొసలో ఉంది. దగ్గరికి రానిచ్చాను, రానిచ్చాను, ఇంకా రానిచ్చాను, ఐదో నంబరు పొడుపు ఒక్కటి ఇచ్చాను. ఉలిక్కిపడింది. ఆ మెలకువగా ఉండే రెండో చెయ్యి ఉంది చూశావా, దాంతో నడుం మీద పెట్టి అవతలికి ఒక తోపు. పక్క రాష్ట్రం అయోవా వైపు నుంచి వచ్చింది, అయోవాకే వెళ్ళిపోయింది. తిరిగి కూడా చూడలేదు.”

పక్కింటివాళ్ళ స్ప్రింక్లర్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“మరి న్యూస్‌ల రాలేదేందన్నా?” అన్నాడు నీరజ్.

“వచ్చిన టోర్నడో న్యూస్‌లో వస్తుందబ్బాయ్. రాని టోర్నడో న్యూస్‌లో ఎలా వస్తుంది? రాలేదంటేనే నీకు తెలియట్లేదా, ఆపింది నేనని?”

నీరజ్ ఫోన్ వంక చూసుకున్నాడు. పేర్లు పంపాల్సిన టైమ్ దగ్గరికొచ్చింది. మోహన్ అది గమనించాడు. ఆయన గొంతు మారింది.

“మీరు నమ్మట్లేదు, నాకు తెలుసు. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ వాళ్ళు నమ్మారు. నేను బయల్దేరుతుంటే ఏమైందో తెలుసా? అందరూ వరసగా నిలబడ్డారు. ముందు పిల్లలు, వాళ్ళ వెనక డాంటే. ఒక్కొక్కళ్ళే వచ్చి వంగి, నా కుడిచెయ్యి తీసుకుని, నుదుటికి ఆనించుకుని వెళ్ళారు. మాటా పలుకూ లేదు. డాంటే కూడా! మాస్టర్! వాడు కూడా వంగి ఇదిగో ఈ చేతిని నుదుటికి పెట్టుకున్నాడు. ఎందుకు చేస్తారు అలాగ? వాళ్ళకేమైనా పిచ్చా? నాలో ఏదో చూశారు గనక చేశారు.”

ఆయన చెయ్యి ముందుకి చాపి ఉంది. ఇప్పటిదాకా చెప్పిన ఏ మాటకీ ఆయన కళ్ళు అలా మెరవలేదు. ఇది మాత్రం కోత కాదని నాకు అర్థమైంది. కథంతా ఎలా పోయినా, ఈ ముక్క నిజంగా జరిగింది. దీన్ని చెప్పడానికే అంతసేపూ దోమల్నీ టోర్నడోల్నీ తిప్పి తీసుకొచ్చాడు.

శశికళ టీ కప్పు పక్కన పెట్టింది. “అన్నయ్యగారూ, మీకు కుర్చీ కూడా వేశారా?”

“వేశారమ్మా! హాల్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీ. నేను వద్దంటున్నా వినకుండా కూర్చోబెట్టారు.”

“ముందు మీకే తినడానికి పెట్టారా?”

“నూడుల్స్ ఏవో తెచ్చుకున్నారు. మొదటి ప్లేటు నాకే. డాంటే వాళ్ళావిడ తనే తెచ్చి ఇచ్చింది. నాకు పెట్టేదాకా ఎవరూ ముట్టుకోలేదు.”

“మెట్లు దిగేటప్పుడు...”

“చెయ్యి పట్టుకుని దింపారు! ఇటొకడు, అటొకడు. అంత గౌరవం! నీకెలా తెలుసమ్మా? నువ్వు గానీ చూశావా?”

నీరజ్ బజ్జీ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు. నేను మా ఆవిడ వంక చూసి, వద్దు అన్నట్టు కనుబొమలు ఎగరేశాను. ఆవిడ చూడలేదు. చూసినా ఆగేది కాదు. అందులో ఎగతాళి ఏమీ లేదు, తనకి తెలిసిన సంగతి కలిసినందుకు సంతోషం, అంతే.

“మా వార్డులో జాయ్ అని ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు చూశాను. పిల్లలు స్కూల్ నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే వాళ్ళ అమ్మమ్మ చెయ్యి తీసుకుని నుదుటికి పెట్టుకుంటారు. మనం కాళ్ళకి దణ్ణం పెట్టినట్టే అన్నయ్యగారూ. ఇంటికి ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చినా పెట్టాలి, లేకపోతే వాళ్ళమ్మ తిడుతుంది.”

“పెద్దవాళ్ళంటే... గొప్పవాళ్ళు,” అన్నాడు మోహన్.

“కాదన్నయ్యగారూ. వయసులో.”

నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు, జాలేసింది. మోహన్ చాపిన చెయ్యి తన ముందుకే తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“మరి డాంటే? వాడు పిల్లాడు కాదుగా.”

“మీకన్నా చిన్నవాడేగా.”

“ఇప్పుడు రాజ్ వెళ్తే వీడికి కూడా పెడతారా?”

శశికళ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కాసేపు నిజంగానే ఆలోచించింది. “ఈయనకి అప్పుడే పెట్టరేమోనండీ,” అంది.

మోహన్ మెల్లిగా గరిటెని గిన్నెలో పెట్టేశాడు. “అన్నా...” అన్నాడు నీరజ్. సాత్విక్ నేల చూపులు చూస్తున్నాడు.

“సాత్విక్ పేరు పంపించు,” అన్నాడు మోహన్.

“అన్నా, అట్ల కాదు...”

“పంపించవయ్యా, టైమైపోతోంది. నన్ను సీనియర్స్‌లో రాయి.” ఆయన గొంతులో కోపం లేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, సాత్విక్ భుజం మీద ఒకటి తట్టాడు. “ఎగరడం బాగానే ఎగురుతావు, బంతిని మాత్రం మరీ మెత్తగా కొడుతున్నావు. రేపు ముందుగా రా, చూపిస్తాను.”

“వస్తానంకుల్,” అన్నాడు వాడు. మోహన్ ఈసారి దిద్దలేదు.

నీరజ్ పేర్లు పంపించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని నేను కప్పులు తీస్తున్నాను. మోహన్ కుర్చీ నీరజ్ దగ్గరికి జరుపుకుని, పక్కనున్న నాకు కూడా వినపడకూడదన్నంత మెల్లిగా అడిగాడు.

“సీనియర్స్‌కి నెట్ ఎంత ఎత్తులో కడతారు?”

“కొంచెం కిందికే కడతరన్నా.”

“హమ్మయ్య,” అన్నాడు మోహన్.